బయోపైథాన్, ఏప్, బయో ప్లస్ ప్లస్: ఒకే జన్యువుతో మూడు లైబ్రరీల పరీక్ష

నమస్కారం. తెర మీద ఉన్న ఈ ప్రోటీన్‌ను ఒకసారి చూడండి. ఇది మనిషి సైటోక్రోమ్ బీ. ఇందులో 380 అమైనో ఆమ్లాలు ఉండాలి, ఇక్కడ 29 మాత్రమే ఉన్నాయి. ప్రోగ్రామ్ ఆగిపోలేదు. హెచ్చరిక ఒకటి వచ్చింది కానీ దానికీ ఈ తప్పుకూ ఏ సంబంధమూ లేదు. ఈ 29 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకుంటే, ఈరోజు మనం చూడబోయే లైబ్రరీల (ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్ భాగాల) మంచిచెడ్డలు సగం అర్థమైనట్టే.

జన్యుక్రమాలను చదవడానికి, పరిణామ వృక్షాలు గీయడానికి ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ లైబ్రరీలు చాలా ఉన్నాయి. వాటిలో మూడింటిని తీసుకున్నాను: పైథాన్‌లో బయోపైథాన్, ఆర్ భాషలో ఏప్, సీ ప్లస్ ప్లస్‌లో బయో ప్లస్ ప్లస్. వేగం గురించి ఎక్కువ మాట్లాడను. నేను తప్పు చేసినప్పుడు ఈ లైబ్రరీ నాకు చెబుతుందా, లేదా? నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

పరీక్షకు మైటోకాండ్రియాలోని (కణానికి శక్తినిచ్చే భాగంలోని) సైటోక్రోమ్ బీ జన్యువును ఎంచుకున్నాను. మనిషి, చింపాంజీ, గొరిల్లా, ఒరంగుటాన్, నాలుగింటిలోనూ ఇదే జన్యువు. దీనికి మన హైదరాబాద్‌తో ఒక బంధం ఉంది. 2003లో ఇక్కడి పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఇదే జన్యువులోని ఒక ముక్కను చదివి, దొరికిన మాంసమో చర్మమో ఏ జంతువుదో గుర్తించే పద్ధతిని ప్రకటించారు. వన్యప్రాణుల వేట కేసుల్లో అలాంటి గుర్తింపు మీద ఒక మనిషి శిక్ష ఆధారపడవచ్చు. అందుకే ఈ జన్యువును తప్పుగా చదవడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

ముందు బయోపైథాన్. 1999లో మొదలైన ప్రాజెక్టు ఇది. జెన్‌బ్యాంక్ (జన్యుక్రమాల ప్రజా డేటాబేస్) ఫైలును చదవడంలో దీనంత హాయి మరెక్కడా లేదని నా అభిప్రాయం. మనిషి మైటోకాండ్రియా ప్రామాణిక క్రమం సంఖ్య ఎన్‌సీ_012920, పొడవు 16,569 అక్షరాలు (డీఎన్‌ఏ అక్షరాలు నాలుగే: ఏ, సీ, జీ, టీ). అందులో సైటోక్రోమ్ బీ 14747 నుంచి 15887 వరకు ఉంటుంది. జెన్‌బ్యాంక్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, పైథాన్ సున్నా నుంచి. చేత్తో కత్తిరిస్తే ఒక అక్షరం పక్కకు జరిగి, కోడాన్లన్నీ, అంటే ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుంపులన్నీ, మారిపోతాయి. ఫీచర్‌లోని (ఫైలులో జన్యువు హద్దులు చెప్పే నమోదులోని) ఎక్స్‌ట్రాక్ట్ ఫంక్షన్ వాడితే ఆ లెక్కను బయోపైథానే చూసుకుంటుంది. దయచేసి చేత్తో కత్తిరించకండి.

ఇప్పుడు ఆ 1141 అక్షరాలను ట్రాన్స్‌లేట్‌కు, అంటే క్రమాన్ని ప్రోటీన్‌గా చదివే ఫంక్షన్‌కు, ఇచ్చాను. హెచ్చరిక వచ్చింది: పొడవు మూడుతో భాగించబడటం లేదు, చివర అసంపూర్ణ కోడాన్ ఉందని. నిజానికి అది తప్పే కాదు. ఈ జన్యువు చివర ఒక్క టీ మాత్రమే మిగులుతుంది. ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక కణం దాని తోకకు ‘ఏ’ అనే అక్షరాలను చేర్చినప్పుడు అది టీఏఏ అవుతుంది, అంటే ప్రోటీన్ ఇక్కడితో ముగిసిందని చెప్పే స్టాప్ కోడాన్. ప్రకృతి అలా పొదుపు చేసుకుంది. నాకెప్పుడూ ముచ్చట గొలిపే ఏర్పాటు ఇది.

అసలు తప్పు మరోచోట ఉంది. మైటోకాండ్రియా జెనెటిక్ కోడ్, కేంద్రకంలోని కోడ్ ఒకటి కావు. మామూలు కోడ్‌లో టీజీఏ అంటే ఆగు. వెన్నెముక గల జీవుల మైటోకాండ్రియాలో టీజీఏ అంటే ట్రిప్టోఫాన్. మనిషి సైటోక్రోమ్ బీలో 30, 31 స్థానాల్లో వరుసగా రెండు టీజీఏలు ఉన్నాయి. కోడ్ పట్టిక ఏదో మనం చెప్పకపోతే బయోపైథాన్ ఒకటో నంబరు పట్టికను, అంటే మామూలు కోడ్‌ను తీసుకుంటుంది. స్టాప్ దగ్గర ఆగమని అడిగితే 29 దగ్గరే ఆగిపోతుంది, మనం మొదట చూసిన ప్రోటీన్ అదే. ఆగమని అడగకపోతే మధ్యమధ్యలో స్టాప్‌కు గుర్తుగా నక్షత్రాలు వస్తాయి. మొదటిసారి ఆ నక్షత్రాలు చూసినప్పుడు ఫైలు పాడైందనుకుని మళ్ళీ డౌన్‌లోడ్ చేశాను. ఫైలుకు ఏమీ కాలేదు.

నక్షత్రాలైనా కంటికి కనిపిస్తాయి. నన్ను భయపెట్టేది కనిపించనిది. ఇదే ప్రోటీన్‌లో నాలుగో స్థానం చూడండి. అక్కడి కోడాన్ ఏటీఏ. మైటోకాండ్రియాలో అది మిథియోనిన్. ఒకటో పట్టికతో చదివితే ఐసోల్యూసిన్ అవుతుంది. పదకొండో స్థానంలోనూ అంతే. నక్షత్రం రాదు, హెచ్చరిక రాదు, అక్షరం మాత్రం మారిపోతుంది. టేబుల్ ఈక్వల్స్ 2 అని, అంటే వెన్నెముక జీవుల మైటోకాండ్రియా పట్టిక నంబరు రాస్తే అంతా సరిపోతుంది. అంటే అమాయకమైన చివరి టీకి హెచ్చరిక ఉంది, అసలు ప్రమాదానికి లేదు. బయోపైథాన్ మీద నా ప్రధాన ఫిర్యాదు ఇదే, మనసుకు దగ్గరైన లైబ్రరీ కాబట్టే గట్టిగా చెబుతున్నాను. క్రమం మైటోకాండ్రియాదని జెన్‌బ్యాంక్ ఫైలులోనే రాసి ఉంటుంది, ప్రోటీన్ జన్యువుల పక్కన పట్టిక నంబరు కూడా ఉంటుంది. క్రమాన్ని విడిగా తీసి నేరుగా ట్రాన్స్‌లేట్‌కు ఇచ్చినప్పుడు ఆ సమాచారం వెంట రాదు.

ఇంకొక్క మాట. 2020లో వచ్చిన 1.78 వెర్షన్ నుంచి ఆల్ఫాబెట్ అనే భాగాన్ని తీసేశారు. పాత పుస్తకాల్లో, పాత పాఠాల్లో ఉన్న ప్రోగ్రామ్‌లు మొదటి వరుసలోనే ఆగిపోతే కారణం అదే కావచ్చు. మీ తప్పని బెంగపడకండి.

వృక్షం గీయడానికి బయోపైథాన్‌లో ఫైలో అనే భాగం ఉంది. గీస్తుంది, కానీ నేను అక్కడ ఆగను. దాని దూరాల లెక్క డిఫాల్ట్‌గా, అంటే మనం ఏమీ చెప్పకపోతే, క్రమాల మధ్య తేడా ఉన్న అక్షరాలను మాత్రమే లెక్కిస్తుంది. ఒకే చోట రెండుసార్లు మార్పు జరిగి ఉండవచ్చన్న సంగతిని సరిదిద్దదు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ త్వరగా మారుతుంది కాబట్టి ఇది పట్టించుకోవలసిన విషయమే.

అందుకే ఏప్. దీని గురించి ఎమ్మాన్యుయెల్ పారడి, జూలియన్ క్లోడ్, కోర్బీనియన్ స్ట్రిమ్మర్ 2004లో పరిశోధన పత్రం రాశారు. ఇందులో దూరాల లెక్క డిఫాల్ట్‌గా కిమురా 1980 నమూనాను వాడుతుంది. ఏ జీ ల మధ్య, సీ టీ ల మధ్య జరిగే మార్పులను ఒక రకంగా, మిగతావాటిని వేరొక రకంగా చూసే నమూనా అది. ఆ దూరాలను 1987లో సైతో, నేయ్ ఇచ్చిన నైబర్ జాయినింగ్ పద్ధతికి అప్పగిస్తే, నాలుగైదు వరుసల్లో వృక్షం తెర మీద ఉంటుంది. గీత అందంగానూ ఉంటుంది.

ఇక్కడా రెండు గుంటలున్నాయి. ఒకటి: నైబర్ జాయినింగ్ ఇచ్చే వృక్షానికి వేరు ఉండదు. కానీ బొమ్మ గీయగానే ఎడమవైపు వేరు ఉన్నట్టే కనిపిస్తుంది. చూసినవాళ్ళు అదే పూర్వీకుడనుకుంటారు. ఒరంగుటాన్‌ను బయటి జాతిగా, అంటే మిగతా మూడింటికీ దూరపు చుట్టంగా, చెప్పి, రూట్ అనే ఫంక్షన్‌తో వేరు మనమే పెట్టాలి. రెండోది లోతైనది. ఒక్క జంతువు క్రమంలో ఒక చోట అక్షరం తెలియకపోయినా, ఏప్ డిఫాల్ట్‌గా ఆ స్థానాన్ని అందరి నుంచీ తీసేస్తుంది. నాలుగు శుభ్రమైన క్రమాలకు నష్టం లేదు. కానీ పాత ఎముకల నుంచో, చెడిపోయిన నమూనాల నుంచో వచ్చిన క్రమాలు యాభై ఉంటే, ఒక్కొక్కదానిలో ఒక్కోచోట ఖాళీలుంటాయి. చివరికి పోల్చడానికి పిడికెడు స్థానాలు మిగులుతాయి, అయినా వృక్షం నిండుగానే వస్తుంది. పెయిర్‌వైజ్ డిలీషన్ అనే ఎంపికను గుర్తుపెట్టుకోండి, అది తెలియని స్థానాలను పోల్చే ప్రతి జతకూ విడిగా మాత్రమే తీసేస్తుంది.

బయో ప్లస్ ప్లస్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరికీ అవసరం పడదు. జూలియన్ డ్యుథే బృందం 2006లో ప్రకటించిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీల కుటుంబం ఇది. కంపైల్ చేసుకోవడం కొత్తవారికి కష్టం, నేర్పించే పాఠాలు తక్కువ. కానీ దాని స్వభావం నాకు గౌరవం కలిగిస్తుంది. వెన్నెముక జీవుల మైటోకాండ్రియా కోడ్ ఇందులో తన పేరుతో ఒక ప్రత్యేక క్లాసు. కోడాన్లతో పని చేసే ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఆ పేరు మీ చేత్తో రాస్తారు, రాసే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తారు. వృక్షంలో ఒక్కో కొమ్మ మీద ఒక్కో రకం మార్పుల నమూనా పెట్టగలగడం దీని అసలు బలం. మీ ప్రశ్న అంత లోతుకు వెళ్ళినప్పుడు దీని దగ్గరకు రండి, అప్పటివరకు ఆ శ్రమ అక్కర్లేదు.

ఎమ్మెస్సీ విద్యార్థులకు నా సలహా: క్రమాలు తేవడం, కోయడం, చదవడం బయోపైథాన్‌తో చేయండి. ఫాస్టా (క్రమాలను మామూలు అక్షరాలుగా రాసే) ఫైలుగా దాచి ఏప్‌లో తెరవండి. రెండు భాషలు ఎందుకని అడుగుతారు. కష్టమే, కానీ ఒక్కొక్కటి తనకు బాగా వచ్చిన పనే చేస్తుంది.

ఈ పరీక్షను మీకు తెలిసిన జంతువుతో చేసి చూడండి. ఆవు, గేదె, మేక అయితే రెండో నంబరు పట్టిక. తేనెటీగను తీసుకుంటే మాత్రం అయిదో నంబరు రాయాలి. దాని మైటోకాండ్రియాలో ఏజీఏ అంటే సెరీన్, రెండో పట్టికలో అదే ఏజీఏ స్టాప్.