రెండు హైదరాబాద్‌లు: వెబ్ డెవలపర్ల పనిముట్ల గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

వెబ్ డెవలపర్లకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ల గురించి మాట్లాడమన్నారు. పేర్ల జాబితా చదివి కూర్చోవడం నాకు ఇష్టం లేదు. నన్ను బాగా ఏడిపించిన ఒక బగ్‌తో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట ఒక తెలుగు వార్తల సైటుకు పనిచేశాను. వ్యాసాలకు ట్యాగులుండేవి. ఒకరోజు చూస్తే ట్యాగుల జాబితాలో 'హైదరాబాద్' రెండుసార్లు ఉంది. ఒకటి నొక్కితే సగం వ్యాసాలు, రెండోది నొక్కితే మిగతా సగం. అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు. డేటాబేస్ తప్పనుకున్నాను, పాత పేజీని దాచి చూపించే క్యాష్ తప్పనుకున్నాను. రెండు రోజులు ఊహల్లోనే గడిచిపోయాయి.

చివరికి ఆ రెండు మాటల్నీ రెండు ఫైళ్లలో వేసి, వాటి బైట్లను, అంటే యంత్రం అక్షరాలను దాచుకునే అంకెలను, చూపించే చిన్న పనిముట్టు ఎక్స్‌ఎక్స్‌డీతో తెరిచాను. ఒకదాని చివర మూడు బైట్లు ఎక్కువున్నాయి: ఈ2 80 8సీ. వాటి అర్థం, అక్కడొక సున్నా వెడల్పు అక్షరం ఉందని. 'హైదరాబాద్‌లో' అని రాసేటప్పుడు పొల్లు తర్వాత అది పడకపోతే లకారం వత్తుగా మారి 'హైదరాబాద్లో' అవుతుంది. అందుకే టైపు చేసేవాళ్లకు పొల్లు కనిపిస్తే చాలు, దాని వెనకే ఆ సున్నా వెడల్పు అక్షరం కొట్టడం అలవాటు. మాట చివర దాని అవసరం లేదు, కంటికి కనబడదు కూడా. యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. జావాస్క్రిప్టులో ట్రిమ్ వాడితే పోతుందనుకుంటారేమో, పోదు. ట్రిమ్ ఖాళీలను తీసేస్తుంది, దీన్ని ఖాళీగా లెక్కపెట్టదు. మాట చివర ఉంటే దాచేముందు మనమే విడిగా తీసేయాలి. మాట మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకండి, అక్కడ అది కావాలి.

ఎక్స్‌ఎక్స్‌డీ విమ్ ఎడిటర్‌తో పాటు వస్తుంది. విండోస్‌లో పవర్‌షెల్ వాడేవాళ్లకు ఫార్మాట్-హెక్స్ అనే కమాండు అదే పని చేస్తుంది. దాన్ని వాడడానికి అర నిమిషం పట్టదు. నేను రెండు రోజులు పోగొట్టుకున్నది ఆ అర నిమిషం ముందే పెట్టనందుకు.

బైట్లు చూడడం అలవాటైతే కొన్ని రోగాలు ముఖం చూడగానే తెలుస్తాయి. అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు, వెబ్‌లో ఎక్కువగా వాడేది యూటీఎఫ్-8. అందులో తెలుగు అక్షరం, పొల్లు, గుణింతపు గుర్తు ప్రతిదీ విడిగా మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. ఆ పాఠాన్ని పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌లో చదివితే, నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', పక్కనే డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు, ఇవే పేజీ నిండా పరుచుకుంటాయి. ఆ జంటలు కనిపించాయంటే తెలుగు బతికే ఉంది, చదివే తీరే తప్పు. అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం కంగారు పడండి. దాచేటప్పుడే అక్షరాలు పోయి ఉండొచ్చు.

సర్వరు మీద నడిచే భాష పీహెచ్‌పీలో రాసిన పాత ప్రాజెక్టులు చూసేవాళ్లకు ఇంకొకటి. 2019కి ముందు విండోస్ నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే ఫైలు మొదట్లో ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే మూడు బైట్లు చేరేవి, వాటినే బామ్ అంటారు. పేజీకి ముందుగా సర్వరు పంపే వివరాలైన హెడర్ల కంటే ముందే అవి బ్రౌజర్‌కు వెళ్లిపోతే, హెడర్లు ఇప్పటికే పంపేశామని పీహెచ్‌పీ మొరపెట్టుకుంటుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కింద కుడివైపు ఎన్‌కోడింగ్ పేరు కనిపిస్తుంది. అక్కడే నొక్కి, బామ్ లేని యూటీఎఫ్-8గా మళ్లీ సేవ్ చేయండి.

ఇక బ్రౌజర్. డెవలపర్ పనిముట్లు తెరిచే ఎఫ్12 అందరికీ తెలుసు, కానీ చాలామంది కన్సోల్ దగ్గరే ఆగిపోతారు. నెట్‌వర్క్ ట్యాబుకు వెళ్లండి. పేజీ సర్వరును అడిగినవన్నీ, అంటే రిక్వెస్టులు, అక్కడ ఉంటాయి. తేడాగా ఉన్న రిక్వెస్ట్ మీద కుడి క్లిక్ చేస్తే 'కాపీ యాజ్ కర్ల్' అని ఉంటుంది. కర్ల్ అంటే కమాండుతో రిక్వెస్ట్ పంపే పనిముట్టు. ఆ కాపీని టెర్మినల్‌లో అతికిస్తే అదే రిక్వెస్ట్, అవే హెడర్లతో మళ్లీ వెళుతుంది. 2018 నుంచి విండోస్‌తో పాటే కర్ల్ వస్తోంది, వేరే ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. టెర్మినల్‌లో జవాబు చక్కగా వచ్చి బ్రౌజర్‌లో మాత్రం అడ్డుపడితే, ముందుగా సీఓఆర్ఎస్‌ను, అంటే ఒక సైటు పేజీ ఇంకో సైటు జవాబును చదవొచ్చా లేదా అని తేల్చే నియమాలను, అనుమానించండి. ఆ కాపలా కాసేది బ్రౌజరే, కర్ల్ దాన్ని పట్టించుకోదు. ఒక్క జాగ్రత్త: ఆ కాపీలో మీ లాగిన్ కుకీ కూడా ఉంటుంది. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి సాయం అడగడం ఇంటి తాళంచెవి ఫొటో తీసి పంచినట్టే.

అదే ట్యాబులో క్యాష్ ఆపే గడి, నెట్ వేగం తగ్గించే మీట ఉన్నాయి. ఫైబర్ మీద కూర్చుని పరీక్షించిన పేజీని సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఫోన్ మీద తెరిచేవాళ్లుంటారు. వారానికి ఒకసారైనా వేగం తగ్గించి మీ పేజీ మీరే చూడండి. ఇది నా గట్టి కోరిక.

చిన్నవి రెండు చెప్పి ముందుకెళతాను. విండోస్ మీటతో వి నొక్కితే మీరు కాపీ చేసిన చివరి 25 అంశాల వరకు కనిపిస్తాయి, మొదటిసారి ఆన్ చేయమని అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ వేసుకుంటే విండోస్, షిఫ్ట్, సి కలిపి నొక్కి తెర మీద ఏ రంగు కోడైనా పట్టుకోవచ్చు. ఇక కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లోని బైసెక్ట్ కమాండు గురించి ఒక్కమాట. నిన్న పనిచేసిన పేజీ ఇవాళ పాడైతే, మధ్యలో 1000 కమిట్లు, అంటే దాచిన మార్పులు, ఉన్నా సగం సగం చేసుకుంటూ 10 పరీక్షల్లో దోషిని పట్టిస్తుంది.

డిజైన్ చేసేవాళ్లకు ఒక విన్నపం. నమూనా పాఠంగా లాటిన్ మాటలు పెట్టకండి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటివి పెట్టండి. లైన్ ఎత్తు 1.2 ఇచ్చి, పొంగినదాన్ని దాచేస్తే కింది వత్తులు తెగిపోతాయి. నేను 1.6 నుంచి మొదలుపెడతాను.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. మీ ప్రాజెక్టులో పేరు రాసే గడికి 10 అక్షరాల హద్దు పెట్టి 'శ్రీలక్ష్మి' అని అతికించండి. మన లెక్కలో అక్షరాలు మూడే. పొల్లులూ గుణింతాలూ విడివిడిగా లెక్కించే యంత్రానికి 11. చివరి గుడి ఎగిరిపోయి 'శ్రీలక్ష్మ' మిగులుతుంది. ఎవరి తెర మీద ఏం వచ్చిందో చేయెత్తి చెప్పండి, అక్కడి నుంచి కలిసి దిద్దుదాం.