ఉభయకుశలోపరి తరువాత

సభకు నమస్కారం.

నాన్న పోయి ఈ నెలతో ఏడాది నిండింది. ఇంట్లో సంవత్సరీకం ముగిశాక, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లూ ఆయన చేత కాగితాలు రాయించుకున్నవాళ్లూ ఇక్కడ చిత్తూరులోనే ఒకచోట కూర్చుని ఆయన్ను తలుచుకోవాలనుకున్నారు. మీలో కొందరికి ఆయన సుబేదారు గారు. పొద్దున్నే పలమనేరు, పుంగనూరు, పెనుమూరు బస్సులెక్కి వచ్చిన అమ్మలకు ఆయన రాసిపెట్టే సారు. ముందు వరసలో మా అమ్మ ఉంది. ఈ ప్రసంగం మొత్తం నిన్న రాత్రి ఆమెకు చదివి వినిపించాను. ఒకచోట వద్దంది. అక్కడ కొట్టేశాను.

నాన్న పదకొండు నోటు పుస్తకాలు రాశారు. వాటిని అచ్చు వేయించమని చాలామంది అడుగుతున్నారు. యుద్ధం చేసి వచ్చిన మనిషి రాతలు కదా, యుద్ధం గురించి ఎంత ఉందని మొదట అడుగుతారు. మూడో పుస్తకంలో నాలుగు పేజీలు ఉంది. అంతే. భారతం ఉత్సవంలో ధర్మరాజు గుడి దగ్గర తపసు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే అర్జునుడి గురించి పదహారు పేజీలు రాసిన మనిషి, తాను యుద్ధం చేసిన బసంతర్ నది దగ్గరికి వచ్చేసరికి నాలుగు పేజీలతో ఎందుకు ఆపేశారో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. నిరుడు ఆయన పెట్టె తెరిచాక తెలిసింది. ఆ సంగతి చెప్పాలనే నిలబడ్డాను.

నాన్న 1963 జనవరిలో సైన్యంలో చేరారు. అంతకు ముందటి అక్టోబరు 20న చైనాతో యుద్ధం మొదలై నెలరోజులు సాగింది. ఆ ఓటమి తరువాత సైన్యాన్ని బాగా పెంచారు, ఊళ్లలో కుర్రవాళ్ల కోసం వెతికారు. ఎస్.ఎస్.ఎల్.సి. పాసై, తాతతో పాటు గానుగ దగ్గర బెల్లం వండుతున్న పద్దెనిమిదేళ్ల పిల్లవాడు బెంగళూరు బస్సెక్కాడు. అలసూరు చెరువు దగ్గర మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం ఉంది. 1780లో పుట్టిన దళం అది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రవాళ్లు ఒకే కప్పు కింద పడుకుంటారు. సైన్యంలో వాళ్లను అందరూ తంబీలని పిలుస్తారు. వంతెన కట్టడం, దారి వేయడం, మందుపాతర పాతడం, శత్రువు పాతినదాన్ని వెలికితీయడం వాళ్ల పని. దానితోపాటు ఒక చేతిపని కూడా నేర్పుతారు. నాన్న వడ్రంగం నేర్చుకున్నారు. మా ఇంట్లో కిటికీ పక్కనున్న ఏటవాలు రాతబల్ల ఆయన చేతిదే. దాని మీద మేకు ఒక్కటి కూడా కనిపించదు.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో మొదలైన యుద్ధం అనగానే మనకు ఢాకా గుర్తుకొస్తుంది, లొంగిపోయిన 93 వేల మంది గుర్తుకొస్తారు. నాన్న ఉన్నది పడమటి సరిహద్దులో, శకర్‌గఢ్ వైపు. ఆయనది 9 ఇంజనీర్ రెజిమెంటు. డిసెంబరు 15 రాత్రి బసంతర్ నది దగ్గర శత్రువు పాతిన మందుపాతరల మధ్య మన ట్యాంకులకు దారి చేయాలి. ట్యాంకులకు తగిలించే పరికరాలు ఉంటాయి. అయినా మనిషి నేల మీద బోర్లా పడుకుని చేతితో వెతకవలసిన పని మిగులుతుంది. సన్నటి చువ్వను నేలలోకి ఏటవాలుగా గుచ్చుతూ పోవాలి. నిలువుగా గుచ్చితే పైనుంచి ఒత్తిడి పడి పేలుతుంది. ఏటవాలుగా గుచ్చితే చువ్వ దాని పక్కకు తగులుతుంది. గట్టిగా ఏదైనా తగిలితే ఆగి, వేళ్లతో మట్టి తీయాలి. శుభ్రం చేసిన మేరకు తెల్లటి టేపు పరుచుకుంటూ ముందుకు జరగాలి. ఫిరంగులు కాలుస్తుంటే, పంజాబు డిసెంబరు చలిలో, వేళ్లకు స్పర్శ తెలియని స్థితిలో ఈ పని చేయాలి.

దారి పూర్తి కాలేదు. అవతలి ఒడ్డుకు చేరిన మన పదాతి దళం మీదికి శత్రువు ట్యాంకులు వస్తున్నాయని తెలిసి, మన పూనా హార్స్ రెజిమెంటు ట్యాంకులు ఆ సగం దారిలోంచే ముందుకు వెళ్లాయి. మరునాడు ఆ ట్యాంకుల్లో ఒకదానిలో పోరాడుతూ 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ మరణించారు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. దారి చేయించిన నాన్న వాళ్ల అధికారి మేజర్ విజయ్ రతన్ చౌధరి కూడా ఆ పోరులోనే ప్రాణం విడిచారు. ఆయనకు మహావీర చక్ర వచ్చింది.

నాన్న నాలుగు పేజీల్లో ఉన్నది ఇంచుమించు ఇదే. చివరి మూడు వాక్యాలు మాత్రం ఆయన మాటల్లోనే చదువుతాను: “నా ఎడమ పక్క ఉన్నవాడు కుప్పం వైపు వాడు. వాడికి రాయడం రాదు, వాళ్లమ్మకు ఉత్తరాలు నేనే రాసేవాణ్ని. ఆ వారం ఉత్తరం కూడా నేనే రాశాను.”

తరువాతి పేజీలో ఉలికి పదును పెట్టడం ఎలాగో ఉంది.

ఇక ఉత్తరాల సంగతి. పెళ్లి నాటికి అమ్మకు పదిహేడేళ్లు. చదువు లేదు. నాన్న ఏడాదికి ఒకసారి రెండు నెలలు సెలవు మీద వచ్చేవారు. మిగతా పది నెలలూ 56 ఏపీఓ అన్న సైనిక పోస్టాఫీసు చిరునామానే మాకు ఆయన ఊరు. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఆయన రాయకూడదు. ఉత్తరం వస్తే మా ఊరి పోస్టుమాస్టరు గారు అరుగు మీద కూర్చుని చదివేవారు. తాత, అవ్వ, పక్కింటివాళ్లు, దారిన పోయేవాళ్లు కూడా ఆగి వినేవారు. అమ్మ తలుపు వెనక నిలబడి వినేది. భర్త తనకు రాసిన మాట ఊరంతా విన్న తరువాత తన దాకా వచ్చేది. అలాంటి ఉత్తరంలో ఏ మగవాడు ఏమి రాయగలడు?

యుద్ధం ఆగిన ఐదు రోజులకు, 1971 డిసెంబరు 22 తేదీతో నాన్న రాసిన ఉత్తరం ఇది. “చి.ల.సౌ.కి, ఉభయకుశలోపరి. ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. మామిడికి పూత వచ్చిందా? నాన్నగారి దగ్గుకు మందు ఇప్పించవలెను. పాప నడుస్తున్నదా?” ఆ పాపను నేనే. అంతకు వారం రోజుల ముందు ఆయన ఏ నేల మీద బోర్లా పడుకున్నారో తెలిసి ఈ ఉత్తరం చదవండి. నేను ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. లేఖారచన పాఠంలో ‘ఉభయకుశలోపరి’ అన్నదానికి ఇద్దరమూ క్షేమం, ఆపైన చెప్పవలసినది ఏమంటే, అని అర్థం చెప్పేదాన్ని. ఆపైన చెప్పవలసినది చెప్పలేకపోయినవాళ్లు కూడా ఆ మాటే రాశారని నాకు తట్టలేదు.

1972లో సెలవు దొరికినప్పుడు ఆయన నేరుగా ఇంటికి రాలేదు. కుప్పంలో రైలు దిగి, ఆ స్నేహితుడి ఇంటికి వెళ్లి, ఒక రాత్రి ఉండి, ఆ తల్లి పింఛను కాగితాలు రాసిపెట్టి మరునాడు వచ్చారు. తరువాత ఎన్నో వందల కాగితాలు రాశారు. మొదటివి అవి. ఆ తరువాతి సెలవు వేసవిలో వచ్చింది, ఊళ్లో భారతం జరుగుతోంది. మన జిల్లాలో భారతం అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. పద్దెనిమిది రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. నాన్న ప్రతి రాత్రీ వెళ్లారు. చివరి రోజు పొద్దున దుర్యోధన వధకు ఊరంతా పోగైతే, మట్టితో చేసి పడుకోబెట్టిన ఆ పెద్ద బొమ్మ చుట్టూ భీముడు పరుగులు తీస్తుంటే, ఆయన మాత్రం తోటకు వెళ్లి మామిడి చెట్టు కింద కూర్చున్నారట. సాయంత్రం అగ్నిగుండానికి మళ్లీ వచ్చారు. ఆ తరువాత ఎన్నడూ వధ చూడలేదు. కారణం అవ్వ అడిగింది, చెప్పలేదు. అమ్మ అడగలేదు.

అమ్మ మరొక పని చేసింది. 1976లో నన్ను బడిలో వేశారు. రాత్రి నేను పడుకున్నాక నా పలక తీసుకుని, నేను దిద్దిన అక్షరాల మీదే మళ్లీ దిద్దేది. పగలు పాలు పితకడం, గడ్డి కోయడం, గానుగ పని. రాత్రి అ, ఆ. అవ్వకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు, వద్దనీ అనలేదు. అవ్వను నేను ఎక్కువగా తలుచుకునేది అందుకే. వత్తులు అమ్మను చాలా ఏడిపించాయి. ఏడాదిన్నర పట్టింది. అమ్మకు చదువు చెప్పిన గురువు ఎవరని అడిగితే ఆమె నా వైపు చూపిస్తుంది. ఆరేళ్ల నాకు ఆ సంగతే తెలియదు.

నాన్న 1987లో నాయబ్ సుబేదారుగా పదవీ విరమణ చేసి వచ్చి, మరుసటి ఏడాది ఒక బ్యాంకులో కాపలా ఉద్యోగంలో చేరారు. చేతిలో తుపాకీ, జేబులో కలం. డబ్బు తీసుకోవడానికి వచ్చిన ముసలమ్మలు వేలిముద్ర వేయడానికి ముందు ఫారం నింపేవాళ్ల కోసం వెతుకుతుంటే ఆయన నింపేవారు. అందులో ఒక అమ్మ, భర్త సైనికుడు, చనిపోయి రెండేళ్లయినా కుటుంబ పింఛను రాలేదని చెప్పింది. అక్కడి నుంచి మా ఇంటి వరండా ఒక కార్యాలయం అయింది.

ఈ కాగితాల గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నాన్న అసలు రచన ఇదే అని నా నమ్మకం. సైనికుడు పెళ్లి చేసుకున్నప్పుడు భార్య పేరు అతని రికార్డులో ఎక్కుతుంది. ఎక్కించేవాడు గుమాస్తా, చెప్పేవాడు సైనికుడు, ఇద్దరి భాషలూ వేరు. ఆమె పేరు చివర అమ్మ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి జనవరి 1 లేదా జూలై 1. నలభై ఏళ్లు ఎవరికీ పట్టని ఆ తేడా, భర్త పోయిన మరునాడు కొండంత అవుతుంది. రేషన్ కార్డులోని మనిషీ, బ్యాంకు పుస్తకంలోని మనిషీ, రికార్డులోని మనిషీ ఒక్కరేనని ఆమె నిరూపించుకోవాలి. చివరి జీతంలో 30 శాతం వచ్చే మామూలు కుటుంబ పింఛను కోసం ఆమె తానే తానని రుజువు చూపాలి.

పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ కోసం నాన్న మూడేళ్లలో పద్నాలుగు ఉత్తరాలు రాశారు. నకళ్లన్నీ ఉన్నాయి. మొదటిదానికీ పద్నాలుగోదానికీ మర్యాదలో తేడా లేదు. ప్రతి ఉత్తరంలోనూ మొదటి పేరాలో ఆమె భర్త సేవ చేసిన చోట్లు, సంవత్సరాలు రాసేవారు. అది దరఖాస్తుకు అవసరం లేదు. ఎందుకు రాస్తారని నేను అడిగాను. “చదివేవాడికి అతనెవరో తెలియాలి కదమ్మా” అన్నారు. బకాయిలతో సహా పింఛను వచ్చిన రోజు ఆమె రెండు అచ్చుల బెల్లం తెచ్చింది. నాన్న ఒక అచ్చు తీసుకుని, రెండోది ఆమె సంచిలోనే పెట్టారు. ఆమె ఈరోజు ఈ సభలో ఉన్నారు. నమస్కారం అమ్మా.

2021 ఫిబ్రవరిలో, 1971 విజయానికి యాభై ఏళ్ల సందర్భంగా ఢిల్లీ యుద్ధ స్మారకం దగ్గర వెలిగించిన విజయ జ్యోతి తిరుపతికి వచ్చింది. తూర్పు రంగంలో గూర్ఖా పటాలాన్ని నడిపి మహావీర చక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారిది తిరుపతే. ముఖ్యమంత్రి ఆయన ఇంటికి వెళ్లి సత్కరించారు. నాన్నకు అప్పటికి డెబ్భై ఆరేళ్లు. చూసి వస్తానని పట్టుబట్టారు, నేను వెంట వెళ్లాను. జనంలో దూరంగా నిలబడి సెల్యూట్ చేశారు. తిరుగు ప్రయాణంలో బస్సు పాకాల దాటాక టికెట్టు వెనక ఏదో రాసుకున్నారు. తరువాత చూశాను. పది పేర్లు. ఒక్కొక్కరి పక్కన ఊరు. ఆ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

నిరుడు పెట్టె తెరిచాం. ఆయన నంబరు, హోదా, పేరు తెల్ల రంగుతో రాసిన నల్లటి రేకు పెట్టె. అందులో పాత యూనిఫాం కింద రెండు కట్టలున్నాయి. ఒకటి అమ్మ ఆయనకు రాసినవి. రెండోది ఆయన అమ్మకు రాసినవి. 1977 దాకా వచ్చినవన్నీ ఒక్కో పేజీ. ఆ తరువాత నుంచి లావు కవర్లు.

నోటు పుస్తకాలు అచ్చు వేయిస్తాం. గానుగ గురించి, భారతం గురించి, వడ్రంగం గురించి అంత తెలిసినవాడు రాసిన రాతలు పోకూడదు. ఉత్తరాలు వేయించం. అమ్మ ఒక్కదానికి మాత్రం ఒప్పుకుంది. ఆమె రాసిన మొదటి ఉత్తరం. వత్తులు ఎలా ఉన్నాయో చదవడంలో వినిపించదు, అందుకని అక్షరాలు పెద్దవిగా, గీత దాటి ఉన్నాయని మాత్రం చెబుతున్నాను.

“మీకు నమస్కారం. ఇది నేనే రాస్తున్నాను. ఆవు ఈనింది. పెయ్యదూడ. మామయ్యకు దగ్గు తగ్గింది. ఇకమీద ఉత్తరం అరుగు మీద చదవరు. మీకు వచ్చినప్పుడు, ఆ నది దగ్గర ఏమి జరిగిందో నాకు రాయండి. ఎంత పెద్దదైనా నేను చదువుకుంటాను.”

నాన్న జవాబు ఇరవై రెండు పేజీలు. కవరు మీద పోస్టాఫీసు ముద్ర 1977 నవంబరు. దాన్ని నేను చదవలేదు. అది అమ్మ దగ్గర ఉంది.