మెడికేర్ కార్డు ఉంది కదా, మరి నర్సింగ్ హోమ్ బిల్లు ఎవరు కట్టాలి?

(న్యూజెర్సీ తెలుగు కుటుంబాల కోసం స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పెద్దల కేసులు చూసే లాయర్, నర్సింగ్ హోమ్ సోషల్ వర్కర్, ఎడిసన్‌లో తల్లిని చూసుకుంటున్న కొడుకు.)

యాంకర్: నమస్కారం. అమ్మానాన్నలకు మెడికేర్, అంటే పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, వచ్చేస్తే ఇక దిగులు లేదనుకుంటాం. మంచాన పడితే కూడా అదే చూసుకుంటుందా? ముందు మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి.

కొడుకు: అమ్మ బాత్రూంలో జారిపడిందండి. తుంటి ఎముక సన్నగా చిట్లింది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మూడు రాత్రులు హాస్పిటల్‌లోనే ఉంది, చేతికి బ్యాండు, సెలైన్, అన్నీ మామూలే. అక్కణ్ణుంచి రిహాబ్‌కి, అంటే కోలుకునేదాకా నర్సింగ్, థెరపీ ఇచ్చే చోటికి పంపారు. తీరా బిల్లు వస్తే మెడికేర్ పైసా కట్టలేదు. అదేంటంటే, ఆవిడని అడ్మిట్ చేయలేదు, అబ్జర్వేషన్‌లో పెట్టాం అన్నారు!

సోషల్ వర్కర్: ఇలాంటివాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారండి. ఒరిజినల్ మెడికేర్, అంటే ప్రైవేటు ప్లాన్ కాకుండా నేరుగా ప్రభుత్వం నడిపేది, రిహాబ్‌కి కట్టాలంటే ముందు వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా, అంటే అడ్మిట్ అయి ఉండాలి. అడ్మిట్ చేయకుండా గమనిస్తూ ఉంచే అబ్జర్వేషన్ రోజులు అందులోకి రావు. అందుకే మొదటి రోజే హాస్పిటల్ కేస్ మేనేజర్‌ని పట్టుకుని, అడ్మిట్ చేశారా లేదా అని అడగండి. అన్నీ కుదిరినా పూర్తిగా కట్టేది 20 రోజులే. 21 నుంచి 100 వరకు రోజుకు కొంత మనమే పెట్టుకోవాలి, 2025లో అది 209.50 డాలర్లు. 100 రోజులు దాటాక మొత్తం మన మీదే. ఇంకొకటి, "ఇంప్రూవ్‌మెంట్ లేదు, ఆపేస్తున్నాం" అంటే తలూపి వచ్చేయకండి. ఉన్న స్థితి దిగజారకుండా ఉండటానికి నిపుణుల సాయం అవసరమైనా కవరేజ్ ఇవ్వాలని 2013లో మెడికేర్ మీద వేసిన జిమ్మో కేసు సెటిల్‌మెంట్‌లో తేలింది. అప్పీలు చేయండి.

యాంకర్: స్నానం చేయించడం, తినిపించడం, మతిమరుపు వచ్చినవాళ్ళని కనిపెట్టుకుని ఉండటం, వీటికి?

లాయర్: అదొక్కటే అవసరమైతే మెడికేర్ కట్టదు. ఏళ్ళ తరబడి కట్టేది మెడికెయిడ్ అనే వేరే ప్రభుత్వ పథకం, కాకపోతే అది ఆస్తి, ఆదాయం చూసి ఇచ్చేది. ఇక్కడ ఒంటరి మనిషి చేతిలో 2,000 డాలర్లకు మించి ఉండకూడదు. అయితే అమ్మ నర్సింగ్ హోమ్‌కి వెళ్తే నాన్న రోడ్డున పడాలా అని భయపడతారు, అలా ఏం లేదు. ఇంటి దగ్గర ఉన్నాయనకి ఇద్దరి ఆస్తిలో సగం, ఒక పరిమితి దాకా ఉంచుతారు, 2025లో ఆ పరిమితి 1,57,920 డాలర్లు. ఆయన ఉంటున్న ఇల్లు, ఒక కారు ఆ లెక్కలోకి రావు.

కొడుకు: మాకు తెనాలి దగ్గర అమ్మ పేరు మీద పొలం ఉంది. వెంటనే గిఫ్ట్ డీడ్ రాయించెయ్ అని బంధువులందరూ ఒకటే పోరు.

లాయర్: దయచేసి తొందరపడకండి! పొలం ఇండియాలో ఉన్నా ఆస్తే, అప్లికేషన్‌లో చూపించాలి. వెనక్కి 60 నెలల లావాదేవీలు అడుగుతారు, ఊళ్ళో బ్యాంకు పాస్‌బుక్‌తో సహా. మనవరాలి పెళ్ళికి పెట్టిన నగలు, మీ ఇంటి డౌన్‌పేమెంట్‌కి ఇచ్చిన చెక్కు, ప్రేమతో ఇచ్చినవే అయినా ఊరికే ఇచ్చినట్టే లెక్క. ఆ విలువని బట్టి కొన్నాళ్ళు కవరేజ్ ఆపేస్తారు. ఆ గడువు మీరు ఇచ్చిన రోజు నుంచి నడవదు, డబ్బంతా అయిపోయి అప్లై చేసుకున్నాక మొదలవుతుంది. అంటే చేతిలో డబ్బు లేదు, కవరేజ్ లేదు, అమ్మ మాత్రం అక్కడే ఉంటుంది. బంధువులకి ఈ సంగతి తెలియదు.

యాంకర్: గ్రీన్‌కార్డు మీద వచ్చిన పెద్దవాళ్ళకి?

లాయర్: 1996 చట్టం వల్ల మెడికెయిడ్‌కి మామూలుగా అయిదేళ్ళు ఆగాలి. కొన్ని రాష్ట్రాల్లో ఆ తర్వాత కూడా షరతులున్నాయి.

సోషల్ వర్కర్: మెడికెయిడ్ అంటే నర్సింగ్ హోమే అనుకోకండి. ఇంట్లోనే ఉంచుకుని కూడా సేవలు పొందే ఎంఎల్‌టీఎస్‌ఎస్ అనే మెడికెయిడ్ కార్యక్రమం 2014 నుంచి మన రాష్ట్రంలో ఉంది. అర్హత ఉంటే పర్సనల్ ప్రిఫరెన్స్ ప్రోగ్రామ్ కింద మన ఇంటివాళ్ళనే జీతానికి పెట్టుకోవచ్చు. మతిమరుపు ముదిరాక కొందరు పెద్దవాళ్ళకి ఇంగ్లిష్ పూర్తిగా పోయి తెలుగొక్కటే మిగులుతుంది. దాహం అని అడుగుతుంటే పక్కనున్న ఎయిడ్‌కి, అంటే సేవలు చేసే ఉద్యోగికి, అర్థం కాక దుప్పటి కప్పడం కళ్ళారా చూశాను. అందుకే ముందు ఇంట్లోనే సేవలు పొందే దారి గురించి అడగమంటాను.

కొడుకు: రిహాబ్‌లో ఫారాలిచ్చి "రెస్పాన్సిబుల్ పార్టీ" అన్నచోట సంతకం పెట్టమంటున్నారండి.

లాయర్: పెట్టారా?

కొడుకు: ఇంకా లేదు.

లాయర్: మంచి పని చేశారు. చేర్చుకోవడానికి పిల్లల సొంత పూచీ అడగకూడదని 1987 నాటి ఫెడరల్ చట్టంలోనే ఉంది. పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అమ్మ తరఫున వ్యవహరించే అధికారపత్రం, మీ దగ్గరుంటే అమ్మ తరఫున, అమ్మ డబ్బు వరకే అని స్పష్టంగా రాసి పెట్టండి. లేకపోతే ఆ కాగితాలు ముందు నాకు చూపించండి.