ర్యాలీ ఆటలో ముందు పనిచేయాల్సింది చెవి

అందరికీ నమస్కారం.

సర్క్యూట్ రేసింగ్ వీడియో ఆటలో ఒక మలుపు దగ్గర తప్పితే, తర్వాతి ల్యాపులో అదే మలుపు మళ్లీ వస్తుంది, దిద్దుకోవచ్చు. ర్యాలీ స్టేజీలో, అంటే ఒక చోట మొదలై మరో చోట ముగిసే రోడ్డు ముక్కలో, ఆ వెసులుబాటు లేదు. వెళ్లేది ఒక్కసారే, పోటీ గడియారంతో. 2001 ప్రపంచ ర్యాలీ చాంపియన్ పేరు మీద 2004లో వచ్చిన ‘రిచర్డ్ బర్న్స్ ర్యాలీ’కి అభిమానులు ఇప్పటికీ కొత్త స్టేజీలు, కార్లు చేర్చుకుంటూ ఆడుతున్నారు. గ్రాఫిక్స్ కోసమైతే కాదు. ఆ ఆట తప్పును క్షమించదు, అందుకే.

ఇక్కడ రోడ్డు కంటికి కనబడేలోపే చెవికి అందాలి. పక్కన కూర్చునే కో-డ్రైవర్ రాబోయే మలుపులను ముందే చదివి చెబుతాడు; ఆ చదివేవే నోట్స్. 2019 నాటి ‘డర్ట్ ర్యాలీ 2.0’లో వాటిని చదివే గొంతు ఫిల్ మిల్స్‌ది. 2003లో పెటర్ సోల్‌బర్గ్ పక్కన కూర్చుని ప్రపంచ టైటిల్ గెలిచిన కో-డ్రైవర్ ఆయన. మలుపులకు 1 నుంచి 6 దాకా అంకెలు: 1 బాగా బిగువైనది, 6 దాదాపు తిన్ననిది. ‘లెఫ్ట్ ఫోర్, టైటెన్స్ త్రీ, డోంట్ కట్’ అన్నాడంటే, మలుపు పోనుపోను బిగుసుకుంటుంది, లోపలి అంచు ఎక్కొద్దు, అక్కడ రాయో గుంటో ఉందని. కొత్తవాళ్లు ‘ఫోర్’ దగ్గరే వేగం ఖాయం చేసేసుకుంటారు. ‘త్రీ’ బుర్రకెక్కేసరికి కారు చెట్లలో ఉంటుంది. నోట్స్ ముందుగా చదివించే సెట్టింగు ఉంటే వాడుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక స్కాండినేవియన్ ఫ్లిక్, అంటే కారును ముందు ఎదురు దిక్కుకు ఊపి మలుపులోకి జార్చే పద్ధతి. నాకు ఈ ఆటల్లో అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే. కంకర రోడ్డు మీద ఎడమ మలుపు వస్తోందనుకోండి. ముందు స్టీరింగ్‌ను కొద్దిగా కుడికి తిప్పి, యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు మీద చిన్న ఒత్తు. బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక భాగం తేలికవుతుంది. వెంటనే స్టీరింగ్ ఎడమకు. వెనక భాగం కుడివైపు విసురుకుంటూ పోతే, ముక్కు మలుపులోకి తిరుగుతుంది. అప్పుడు స్టీరింగ్ ఎదురు తిప్పి పట్టుకుని యాక్సిలరేటర్ ఇవ్వాలి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: భయపడి కాలు తీసేస్తారు. బరువు మళ్లీ ముందుకొస్తుంది, వెనక చక్రాలకు ఉన్న కాస్త పట్టూ పోయి కారు గిర్రున తిరుగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ కారైతే కాలు ఉంచితేనే అది తిన్నగా లాక్కుపోతుంది.

మొదలుపెట్టేవాళ్లు శక్తిమంతమైన కార్ల జోలికి పోకండి. ‘డర్ట్ ర్యాలీ 2.0’లో మినీ కూపర్, లాన్సియా ఫుల్వియా ఉన్నాయి, ముందు చక్రాలతో నడిచేవి. ఆలోచించుకునే వ్యవధి ఇస్తాయి. మీరు ఆడేందుకు వాడే స్టీరింగ్ వీల్ 900 డిగ్రీలు తిరిగేదైతే 540కి తగ్గించండి; లేకపోతే ఎదురు తిప్పేటప్పుడు చేతులు అందుకోలేవు. దాన్ని బల్లకు కదలకుండా బిగించండి. పొడుగాటి స్టేజీలకు స్పేరు టైరు వేసుకోండి. బరువు పెరిగినా, పంక్చరయ్యాక రిమ్ము మీద ఈడ్చుకుపోవడం కన్నా నయం.