హార్డ్‌టాప్‌కి ఇంట్లోనే రంగు: అసలు పనంతా అంచుల దగ్గరే

నమస్తే అండీ. ఇదిగో, ఈ స్టాండు మీద ఉన్నది హార్డ్‌టాప్. జీపులకీ, రెండు సీట్ల ఓపెన్ కార్లకీ పైన బిగించుకుని, వద్దనుకున్నప్పుడు ఊడదీసేసే గట్టి టాప్. దీనికి ఇవాళ మనమే రంగు వేద్దాం.

ముందు కాస్త దగ్గరికి వచ్చి చూడండి. మధ్యలో రంగు వెలిసింది కానీ పట్టు వదల్లేదు. ఈ అంచు దగ్గర చూడండి, గోరు పెడితే చాలు, పెచ్చు పెచ్చుగా లేచొస్తోంది. పోయినసారి వేసినవాళ్ళు మధ్యలో బాగానే రుద్దారు, అంచు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తేల్చేశారు. అందుకే ఈ వీడియోలో సగం సేపు అంచుల గురించే మాట్లాడతాను, విసుక్కోకండి.

టాప్ దింపడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చిన్నదైతే ఇద్దరు, పెద్ద జీపు టాప్ అయితే నలుగురు ఉండాలి. ఎత్తే ముందు వెనక అద్దం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. అద్దం మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్ వైరు, వైపర్ ఉంటే నీళ్ళ గొట్టం అక్కడ ఉంటాయి. బోల్టులన్నీ విప్పేశాం కదా అని ఎత్తేస్తే అవి తెగి చేతికొస్తాయి. స్టాండు మీద పెట్టినప్పుడు బరువు అంచుల మీద పడకూడదు. లోపలి వైపు నుంచి, దుప్పటి చుట్టిన చెక్కల మీద ఆనించండి. అప్పుడు అంచులు నాలుగు వైపులా గాల్లో ఉంటాయి, చెయ్యి ఆడుతుంది.

రబ్బర్లు, హ్యాండిళ్ళు, ఊడొచ్చేవన్నీ ఊడదీయండి. తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి, గ్రీజు తీసే సాల్వెంట్‌తో తుడవాలి. రుద్దడం మొదలుపెట్టక ముందే తుడవాలి. లేదంటే పైనున్న మైనం, పాలిష్ రెండూ ఎమరీ పేపర్ గీసే గీతల్లోకి దిగిపోతాయి. ఇప్పుడు ఒక మగ్గు నీళ్ళు పోస్తున్నా, చూడండి. ఇక్కడ నీళ్ళు పల్చటి పొరలా పరుచుకున్నాయి. ఇక్కడ మాత్రం తామరాకు మీద నీళ్ళలా ముత్యాలు కట్టాయి. అంటే ఇంకా జిడ్డు ఉంది. అలాంటి చోట రంగు వేస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. పెయింటర్లు ఫిష్ ఐ అనేది వీటినే. మళ్ళీ తుడుద్దాం.

పాత రంగు మీద ఒక పరీక్ష. థిన్నర్‌లో ముంచిన గుడ్డని ఎవరికీ కనపడని మూల కాసేపు అదిమి పట్టండి. రంగు గుడ్డకి అంటినా, ముడత పడినా, పాత పూత మీద నమ్మకం పెట్టుకోవద్దు. పూర్తిగా తీసేయడమే మంచిది.

ఇక రుద్దడం. పెచ్చులు లేచిన చోట 180 నంబర్ పేపర్, ఆ తర్వాత మొత్తానికి 320. పాత రంగుకీ కింది పొరకీ మధ్య మెట్టు వేలికి తగలకుండా పోవాలి. కంటికి కనపడని మెట్టు వేలికి దొరుకుతుంది. అరచేతికి పల్చటి గుడ్డ వేసుకుని నిమిరితే ఇంకా బాగా తెలుస్తుంది. ఇలాంటి టాపుల్లో చాలావరకు ఫైబర్‌గ్లాస్‌వే. మరీ లోతుకి రుద్దితే గాజు నార బయటపడుతుంది, ఆ దుమ్ముకి ఒళ్ళంతా దురద. మాస్కు, గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కుదిరిన చోటల్లా వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి.

అంచు దగ్గర మెషిన్ వద్దు, బ్లాకు కూడా వద్దు. పేపర్‌ని మడిచి, వేళ్ళతో, అంచు వెంబడి ఇలా మూడు నాలుగు సార్లు లాగండి. ఎక్కువ లాగితే క్షణంలో నార దాకా దిగిపోతుంది, తక్కువ లాగితే మళ్ళీ పెచ్చులే. మెరుపు పోయి చాక్‌పీసు రాసినట్టు కనపడితే ఆపేయండి. కొన్ని టాపులకి గరుకు డిజైన్ ఉంటుంది. దాన్ని నున్నగా చేద్దామని కూర్చోకండి, తెల్లారిపోతుంది. స్కాచ్ బ్రైట్‌తో గుంటల్లోకి దిగేలా రుద్ది వదిలేయండి.

సూది మొనంత రంధ్రాలు కనపడితే పుట్టీని గట్టిగా అదిమి పూయండి. ఊరికే పైపైన రాస్తే లోపల గాలి ఉండిపోయి, ప్రైమర్ వేశాక మళ్ళీ నోరు తెరుస్తాయి. నార బయటపడిన చోట ఎపాక్సీ ప్రైమర్, ఆ తర్వాత మొత్తానికి మామూలు ప్రైమర్ రెండు పూతలు. అది ఆరాక నల్ల స్ప్రేని దూరం నుంచి పొగలా చల్లండి. ఇప్పుడు 600 పేపర్‌తో రుద్దుతున్నా. నలుపు అంతటా పోయింది, ఈ రూపాయి బిళ్ళంత చోట మాత్రం మిగిలింది. అంటే ఇక్కడ పల్లం ఉంది. పుట్టీ పెట్టి మళ్ళీ ప్రైమర్. బద్ధకిస్తే ఎండలో ఈ పల్లమే ముందు కనపడుతుంది.

ఏ రంగు వేయాలి? నేను వేస్తున్నది హార్డ్‌నర్, అంటే రంగుని గట్టిపరిచే మందు, కలపక్కర్లేని, సగం మెరుపుండే నల్ల స్ప్రే. బాడీ రంగే కావాలి, అద్దంలా మెరవాలి అంటే పైన 2కె క్లియర్ కోట్, అంటే హార్డ్‌నర్ కలిపి వేసే రంగు లేని పూత, వేయాలి. దాని హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఆస్తమా తెప్పించగలవు. మామూలు దుమ్ము మాస్కు వాటిని ఆపదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు లేకపోతే ఆ ఒక్క పూత, స్ప్రే కోసమే కట్టిన గది (బూత్) ఉన్న పెయింటర్ చేత వేయించుకోండి. ఎలాగూ ఊడొచ్చే టాపే కదా, మోసుకెళ్ళొచ్చు. నేను వేస్తున్న రంగు పెట్రోల్ పడితే తట్టుకోదు, నిజమే. కానీ టాప్ మీద పెట్రోల్ ఎవరు పోస్తారండీ? దీనికైనా పెయింటు ఆవిర్లని పట్టే ఫిల్టర్ (ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్) ఉన్న మాస్కు వేసుకోండి, గాలి ఆడే చోటే స్ప్రే చేయండి.

మాస్కింగ్. రబ్బరు కూర్చునే గాడి ఇదిగో. ఇందులో రంగు పడకూడదు. ఇక్కడ పూత మందం పెరిగితే టాప్ సరిగ్గా కూర్చోదు, వాన నీళ్ళు దారి చూసుకుంటాయి. టేపు అంచుని అతికించేయకుండా, వెనక్కి మడిచి గుండ్రంగా వదలండి. అప్పుడు రంగు గీత గీసినట్టు ఆగిపోదు, సన్నగా కలిసిపోతుంది. తర్వాత పెచ్చు లేవడానికి పట్టు దొరకదు.

మంచు కురిసే వేళ, బాగా తేమగా ఉన్న రోజు స్ప్రే వద్దు. నేల మీద కాసిన్ని నీళ్ళు చల్లండి, దుమ్ము లేవదు. డబ్బాని కనీసం ఒక నిమిషం ఊపండి. ముందు అంచులకి ఒక పల్చటి పూత, ఆ తర్వాతే మధ్యకి రండి. సుమారు ఇరవై సెంటీమీటర్ల దూరం. టాప్ బయటే నొక్కడం మొదలుపెట్టి, దాటాకే వదలండి. ఒక వరుస మీద సగం పడేలా రెండో వరుస. మొదటి పూతలో కింద ప్రైమర్ కనపడుతుంటే టెన్షన్ పడకండి, కనపడాలి కూడా. ఒక్కసారే ముంచేస్తే అంచు దగ్గర కన్నీళ్ళలా కారుతుంది.

పూతకీ పూతకీ మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీదే ఉంటుంది. కొన్నిటి మీద గంటలోపు వేయండి, లేదా 48 గంటలయ్యాక వేయండి అని రాసి ఉంటుంది. మొదటిసారి చేసినప్పుడు నేనది చదవలేదు. భోజనం చేసి, మూడు గంటల తర్వాత తీరిగ్గా వచ్చి మూడో పూత కొట్టాను. కళ్ళ ముందే మీగడ ముడుచుకున్నట్టు మొత్తం ముడతలు పడింది. రెండు రోజులు ఆరబెట్టి, మొత్తం రుద్ది మళ్ళీ మొదలుపెట్టాను. మా ఇంట్లో ఆ మూడు గంటల భోజనం ఇప్పటికీ జోకే.

చివరి పూత కాస్త మెత్తగా ఉండగానే టేపుని వెనక్కి మడిచి నెమ్మదిగా లాగేయండి. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ అప్పుడే బిగించొద్దు. పచ్చి రంగు మీద రబ్బరు అదిమితే అతుక్కుపోతుంది, తీసినప్పుడు రంగుతో సహా వస్తుంది. నేను వారం ఆగాను.

ఇప్పుడు బిగించేశాం. లోపల మా తమ్ముడు టార్చి పట్టుకుని కూర్చున్నాడు. నేను పైపుతో కింది నుంచి పైకి నీళ్ళు పోస్తున్నా. "అన్నా, ఎడమ వెనక మూల, ఒక చుక్క!" అన్నాడు. విప్పి చూస్తే ఇదిగో, గాడిలో టేపు జిగురు గోరంత మిగిలిపోయింది, రబ్బరు దాని మీద ఎత్తుగా కూర్చుంది. గోకి, తుడిచి, మళ్ళీ బిగించాం. ఆ మూలే పోస్తున్నా... ఏరా, ఉందా? "లేదన్నా, పొడిగానే ఉంది."