పంపు కంటే పైన: కంప్యూటర్‌లో రేడియేటర్ ఎక్కడ బిగించాలి?

అందరికీ నమస్కారం. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే అలవాటు, మైకు కాదు. తడబడితే సర్దుకోండి.

మన చంద్రపూర్, బల్లార్షా వైపు కూలర్ లేని ఇల్లు అరుదు. మే నెలలో 45 డిగ్రీలు దాటిందంటే ఇక్కడెవరూ ఆశ్చర్యపోరు. అర్ధరాత్రి కూలర్ గుర్రుగుర్రుమంటే చాలు, మా ఇంట్లో మా అమ్మ కళ్ళు తెరవకుండానే అంటుంది: "నీళ్ళు అయిపోయినయ్ రా, బకెట్ పట్టుకురా." తొట్టిలో నీళ్ళు తగ్గి పంపు గాలి పీలుస్తోందని చప్పుడుతోనే తెలిసిపోతుంది. అలాగే వదిలేస్తే మోటారు కాలుతుంది. ఇది తెలిసిన మీకు, ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం తెలిసినట్టే.

కంప్యూటర్‌కు పెట్టే లిక్విడ్ కూలర్‌లో మూడే భాగాలు. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి పలక, చాలా మోడళ్ళలో పంపు కూడా దాని మీదే ఉంటుంది. అక్కడి నుంచి రెండు రబ్బరు పైపులు. వాటి చివర రేడియేటర్, దానికి ఫ్యాన్లు. ప్రాసెసర్ వేడిని నీళ్ళు మోసుకెళ్ళి రేడియేటర్‌లో దింపుతాయి, ఫ్యాన్లు దాన్ని గాలిలో కలిపేస్తాయి. కొందరు ఇది ఏసీ లాంటిదనుకుంటారు. కాదు. గది గాలి కంటే చల్లగా ఇది ఎప్పటికీ చేయలేదు. 25 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 65 దగ్గర నిలిచిందనుకోండి, అదే పనికి 42 డిగ్రీల గదిలో దాదాపు 82కి వెళ్తుంది. గది ఎంత వేడెక్కితే లోపల కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది.

ఇప్పుడు ఈ సీసా చూడండి. రంగు నీళ్ళు పోసి, పైన రెండు వేళ్ళంత ఖాళీ వదిలి మూత బిగించాను. నిలబెడితే గాలి పైన. తలకిందులు చేస్తే మళ్ళీ పైనే. పడుకోబెట్టినా పై వైపే. కూలర్ లోపల కూడా ఇలాంటి ఖాళీ కొంచెం ఉంటుంది. ఫ్యాక్టరీలో నింపేటప్పుడే కాస్త గాలి మిగులుతుంది. ఆపైన ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు పైపుల గుండా నీళ్ళు కనిపించకుండా ఆవిరవుతాయి. అంటే గాలి పెరుగుతూనే ఉంటుంది. ఎక్కువ మోడళ్ళలో మళ్ళీ నీళ్ళు నింపడానికి దారి ఉండదు. ఇక మన చేతిలో ఉన్నది ఒక్కటే: ఆ గాలి ఎక్కడ చేరాలో నిర్ణయించడం. రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉంటే గాలి రేడియేటర్‌లో ఓ మూల పడుంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. పంపే అన్నిటికంటే పైన ఉంటే గాలి నేరుగా దాంట్లోకే వస్తుంది.

ఇది నేను చదివి నేర్చుకున్నది కాదు, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయనకు మెషిన్ కట్టాను. క్యాబినెట్, అంటే కంప్యూటర్ డబ్బా, అడుగున రెండు ఫ్యాన్ల చోటు ఖాళీగా కనిపించింది. 240 రేడియేటర్, అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పట్టేది, అక్కడ అచ్చుగుద్దినట్టు సరిపోయింది, పైన గ్లాసులోంచి చూస్తే ఎంతో నీటుగా ఉంది. ఫొటో తీసి అందరికీ చూపించుకున్నాను కూడా. ఎనిమిది నెలల తర్వాత, సరిగ్గా పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫోను: "తమ్మీ, డబ్బాలో ఎవరో పుక్కిలిస్తున్నట్టుంది." వెళ్ళి చూస్తే రెండర్, అంటే ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేసే పని, పెట్టిన రెండు నిమిషాలకే వేడి 100కి చేరి, ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటోంది. అదే రేడియేటర్‌ను పైకప్పుకు మార్చి, క్యాబినెట్‌ను అటూ ఇటూ వంచితే చప్పుడు పోయింది. కానీ అప్పటికే పంపు దెబ్బతిన్నట్టుంది, దీపావళికి ఆగిపోయింది. కొత్తది నా జేబులోంచే వేశాను. ఆయన తప్పేం లేదు కదా.

కాబట్టి అడుగున వద్దు. మరి పైనా, ముందా? నన్నడిగితే మన ఊళ్ళకు పైకప్పే మేలు, ఫ్యాన్లు గాలిని బయటికి నెట్టేలా. ముందు వైపు బిగిస్తే బయటి తాజా గాలి తగిలి ప్రాసెసర్ కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది, నిజమే. కానీ రేడియేటర్‌లో వేడెక్కిన ఆ గాలంతా లోపలికొచ్చి గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. రెండోది దుమ్ము. ఇక్కడ బొగ్గు గనుల దుమ్ము సంగతి మీకు చెప్పాలా? కిటికీ మీద వేలు పెడితే వేలు నల్లబడే ఊరు మనది. ముందు పెట్టిన రేడియేటర్‌కూ ఫ్యాన్‌కూ మధ్య ఆ దుమ్మంతా కంబళిలా పేరుకుంటుంది, ఫ్యాన్ విప్పితే గానీ కనపడదు. పైన చోటు లేక ముందే పెట్టాల్సి వస్తే పైపులు కింది వైపు వచ్చేలా నిలబెట్టండి. గాలి రేడియేటర్ పై కొసనున్న చిన్న తొట్టిలో ఉండిపోతుంది, పైపుల జోలికి రాదు. ముందున్న దుమ్ము జాలీ మాత్రం నెలకోసారి కడగాలి.

కొనేముందు టేపు పెట్టి కొలవండి. రేడియేటర్ మందం మామూలుగా 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25. కలిపి 52. పైకప్పు నుంచి మదర్‌బోర్డు అంచు దాకా అంత ఖాళీ లేకపోతే ర్యామ్‌కు గుద్దుకుంటుంది, రంగుల లైట్ల పొడవాటి ర్యామ్ అయితే మరీను. మూడు ఫ్యాన్ల 360 మోడల్ కొనుక్కొచ్చి, పట్టక, షాపువాడితో గొడవపడ్డవాళ్ళు నాకు తెలుసు.

ఒకరు చీటీ పంపారు, ఇంటి కూలర్‌ను క్యాబినెట్ ఎదురుగా పెట్టొచ్చా అని. గది చల్లబడితే మంచిదే. కానీ తుంపర తగిలేంత దగ్గరగా వద్దు. దుమ్ముకు తడి తోడైతే జాలీ మీద బురదే.

సరే, ఈ బల్ల మీద ఒక మెషిన్ ఉంది, నిన్ననే రిపేరుకు వచ్చింది. పక్క పలక తీస్తున్నాను. ముందు వరుస పిల్లలు ఇటు రండి, చెవి దగ్గర పెట్టి వినండి. స్విచ్ వేస్తున్నా... వినపడిందా? పంపు ఎక్కడుందో, గాలి ఎక్కడుందో ఇప్పుడు మీరే చెప్పండి.