ఈ ఏడాది పని ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉంది?

(ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో ఒక కళలు, కమ్యూనికేషన్ కళాశాల వార్షికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, పొద్దున్నుంచి కుర్చీలు మోసి, మైకులు కట్టి, ఇప్పుడు కూర్చోవడానికి చోటు లేక గోడవారన నిలబడ్డ పిల్లలకు నమస్కారం. మన ఊళ్లో సభ అంటే ఒడియాలో మొదలై, తెలుగులో నడిచి, వందన సమర్పణ వేళకు ఇంగ్లీషులోకి దిగడం మామూలే. నన్ను తెలుగులోనే మాట్లాడమన్నారు. ఒడియా తల్లిదండ్రులు కూడా చాలామంది కనిపిస్తున్నారు. బజారులో నాతో బేరమాడేటప్పుడు మీ తెలుగు ఎంత బాగుంటుందో నాకు తెలుసు కాబట్టి దిగులు లేదు.

ప్రిన్సిపాల్ గారు చదివిన వార్షిక నివేదిక శ్రద్ధగా విన్నాను. ఏకపాత్రాభినయంలో పతకం, ఫొటోగ్రఫీ పోటీలో బహుమతి, టీవీ ఛానెళ్లలో ఉద్యోగాలు, లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ పాసైన అమ్మాయి. అందరికీ అభినందనలు. చప్పట్లు ఇందాకే కొట్టేశాం, మళ్లీ అడగను. పట్టు మగ్గాల మీద తీసిన షార్ట్ ఫిల్మ్ కూడా చూశాను. బాగుంది. ఫొడా కుంభ అనే గుడి ఆకారపు అంచు నేసే చేతుల్ని అంత దగ్గరగా చూపించి, మగ్గం చప్పుడు మాత్రం వినపడనీయకుండా దాని మీద సితార్ ఎందుకు వాయించారో అర్థం కాలేదు. ఈసారి మగ్గాన్ని మాట్లాడనివ్వండి. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర ఫొటోల్లో పులివేషాలే ఎక్కువ. ఒక్క అమ్మాయి మాత్రం పులివేషం వేయించుకునేవాణ్ని వదిలేసి, రంగు పూసే ఆయన్ని తీసింది. బహుమతి ఆ ఫొటోకి రాలేదు. నేనైతే దానికే ఇచ్చేవాణ్ని.

నివేదికలో "క్షేత్ర పర్యటనలు నిర్వహించబడినవి" అని ఒక వాక్యం వచ్చింది. ఈ ఏడాది ఈ కాలేజీలో జరిగిన అసలు పని నా లెక్కలో ఆ వాక్యం కింద ఉంది. పేపర్లో డెస్కు మీద పనిచేసినవాణ్ని. ముఖ్యమైన వార్త చివరి పేరాలో దాక్కుంటుందన్న అనుమానం రిటైరయ్యాక కూడా పోలేదు. అందుకే ఆ పనులేమిటో పిల్లల్నే అడిగి తెలుసుకున్నాను.

మొదటిది గోపాల్‌పూర్ వైపు పల్లెల్లో చేసిన తుఫాను పని. గంజాం తీరంలో వేటకు వెళ్లే కుటుంబాల్లో చాలామంది ఇంటి భాష తెలుగు. ఒడియావాళ్లు వాళ్లను నోలియాలంటారు. అటు పూరీ పెంటకోట దాకా ఇదే సంగతి. పిల్లలు బళ్లో ఒడియా చదువుతారు, అమ్మమ్మకు మాత్రం తెలుగే. తుఫాను కబురు మాత్రం ఆమె దాకా వచ్చేసరికి రెండు మూడు భాషలు మారి వస్తుంది.

ఈ కబురు విలువ మన జిల్లాకు ఒకరు చెప్పక్కర్లేదు. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల దాకా వీచింది. అయినా ప్రాణనష్టం పదుల్లో ఆగిందంటే, లక్షల మందిని ముందే కదిలించారు కాబట్టి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. తీరంలో జనం జాగ్రత్తపడ్డారు. కానీ పైన గజపతి జిల్లాలో, బరఘర దగ్గర, వానకు కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. మనం తుఫాను అనగానే సముద్రం వైపే చూస్తాం. కొండ వైపు కూడా చూడాలని అప్పుడు తెలిసింది.

పిల్లలు ఏం చేశారంటే, వాతావరణ శాఖ బులెటిన్లు పట్టుకుని పల్లెకు వెళ్లారు. తుఫాను తీరం దాటడానికి 48 గంటల ముందు పసుపు రంగు, 24 గంటల ముందు నారింజ, 12 గంటల ముందు ఎరుపు. క్లాసులో ఈ రంగులన్నీ బట్టీ పట్టారు, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. పల్లెలో ఒక్కరికీ రంగులతో పని లేదు. ముందుగా చేసుకెళ్లిన ఆడియోలో "తీవ్ర వాయుగుండం పశ్చిమ వాయవ్య దిశగా పయనించి" అని మా కుర్రాడు వార్తల గొంతుతో చదివాడు. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన అంతా విని, "బాబూ, రేపు తెప్ప దించొచ్చా, వద్దా? అది చెప్పు ముందు" అన్నాడట.

అక్కడితో స్క్రిప్టు మారిపోయింది. వేటకు వెళ్లొచ్చా లేదా అన్నది మొదటి మాట. బోటు ఎక్కడికి లాగాలన్నది రెండోది. ముసలివాళ్లను షెల్టర్‌కి ఏ పూట చేర్చాలన్నది మూడోది. గాలి వేగం, పీడనం ఆ తర్వాతే. నిమిషం దాటకూడదు. చదివేది కూడా ఆ పల్లె ఆడమనిషే, ఆ పల్లె యాసలోనే. ఎందుకంటే వాట్సాప్‌లో ఎవరిదో తెలియని గొంతు వస్తే వదిలేస్తారు, పక్కింటి అక్క గొంతు వస్తే ఆగి వింటారు. కమ్యూనికేషన్ థియరీ పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. పరీక్షకు అవి చదువుకోండి, పల్లెకు ఇది పట్టుకెళ్లండి.

పనిలో పనిగా యాజమాన్యానికో మాట. విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు ఎప్పటినుంచో ఉంది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇచ్చారు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలన్నది దానికి నిబంధన. మనకు అది ఇబ్బందేమీ కాదు, ఈ పిల్లలు లైసెన్సు లేకుండానే ఆ నిబంధన పాటించేశారు. జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో దళిత మహిళలు 2008లో రేడియో మొదలుపెట్టారు. యూనివర్సిటీ పిల్లలున్న మనం ఇంకా ఫైలు కదలడం లేదంటే ఎలా?

రెండో పని ప్రహ్లాద నాటకం రికార్డింగ్. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

పంతొమ్మిదో శతాబ్దిలో పుట్టిన నాటకం ఇది. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ప్రచారంలో ఉంది. కవి గౌరహరి పరిచ్ఛా రాశాడని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, ఆ తగవు ఇవాళ తెమలదు. పాట ఒడియా. రాగాలు మాత్రం మన కర్ణాటక సంగీతానివి. ఆ జలంతరకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలంలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక కోట అటు పోయింది, ఆడే బృందాలు ఎక్కువగా గంజాంలో ఇటు మిగిలాయి. అటువైపు వాళ్లు ఒడియా నాటకమని పట్టించుకోలేదు. ఇటువైపు ఉత్సవాల్లో పది నిమిషాల ముక్క ఆడించి శాలువా కప్పి పంపేస్తారు.

మన పిల్లలు ఆ ముక్క తీసుకురాలేదు. ఊళ్లో రాత్రంతా ఆడిన నాటకాన్ని మొదటినుంచి చివరిదాకా పట్టుకొచ్చారు. చూసినవాళ్లకు తెలుసు, మెట్లు మెట్లుగా కట్టిన వేదిక పైన హిరణ్యకశిపుడు కూర్చుంటాడు. ఆయన కోపంతో లేచి మెట్లు దిగుతుంటే ముందు వరసలో చంటిపిల్లలు ఏడుపు లంకించుకుంటారు. మైకు మొదట మర్దలం అనే వాయిద్యం, అంటే మద్దెల, పక్కన పెట్టారు. గంటసేపు మర్దలం తప్ప ఇంకేమీ రికార్డవలేదు. హిరణ్యకశిపుడికి చిన్న మైకు తగిలిస్తే నగల గలగలే వినిపించింది. చివరికి ఆ బృందంలో తాళాలు వేసే ఆయనే, "గాహకుడి ఎడమ పక్కన పెట్టండి, ఆయన పాట ఎత్తుకునేటప్పుడు అటే తిరుగుతాడు" అని చెప్పాడు. గాహకుడంటే నాటకం నడిపే ప్రధాన గాయకుడు. ఏ సౌండ్ ఇంజినీరింగ్ క్లాసులో చెబుతారు ఈ ముక్క?

మర్నాడు పిల్లలు ఇంటికి రాలేదు. గురువుగారి అరుగు మీద కూర్చుని, రాత్రి రికార్డింగ్ వినిపిస్తూ, ఎన్నో నిమిషంలో ఏ రాగం, ఎవరు పాడారు, ఏ మాట అన్నారు అని కాగితం మీద రాసుకున్నారు. రాత్రంతా జరిగిన నాటకంలో కావలసిన చోటు వెతకాలంటే ఆ కాగితమే దారి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం. ఆ అరుగు మీద కూర్చున్న పిల్లలు ఆయన చేసిన పని చేశారు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని లోపాలు కూడా చెప్పాలి. గురువుగారి దగ్గర సంతకం పెట్టించుకున్న అనుమతి పత్రం ఇంగ్లీషులో ఉంది. ఆయన చదువుకున్నది ఒడియా, మాట్లాడేది రెండూ. ఇంగ్లీషు రాదు. మన భాషల్లో మళ్లీ రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోండి. ఆయన వద్దంటే వద్దు. రికార్డింగ్ కాపీ ఆ బృందానికి ఇంకా ఇవ్వలేదు. నివేదికలో కాలేజీ పేరుంది, లెక్చరర్ల పేర్లున్నాయి, ఆడిన బృందం పేరు లేదు. అచ్చుకు వెళ్లేముందు చేర్చండి.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించిన సంగతి వేరే ఉంది. "ఆ రికార్డింగ్ ఒకసారి వినిపిస్తారా?" అని అడిగితే, ఒకరు మొదటి భాగం తన ల్యాప్‌టాప్‌లో ఉందన్నారు. రెండోది హాస్టల్లో ఫ్రెండు దగ్గర ఉందట. గోపాల్‌పూర్ ఆడియోలు ఒకమ్మాయి ఫోన్లో ఉన్నాయి, ఆ ఫోన్ స్క్రీన్ పగిలి ఉంది. రాగాల కాగితం ఫైల్ కవర్లో ఉంది, పోనీ అది బానే ఉంది. చివరి సంవత్సరం పిల్లలు పరీక్షలు అవ్వగానే విశాఖో, భువనేశ్వరో, హైదరాబాదో వెళ్లిపోతారు. ల్యాప్‌టాప్ అమ్మేసి కొత్తది కొంటారు.

భద్రంగా దాచేవాళ్ల లెక్క ఒకటుంది. 3 కాపీలు, 2 రకాల పరికరాల మీద, వాటిలో 1 వేరే చోట. హార్డ్ డిస్కులు కొనడానికి అయ్యే ఖర్చు ఇవాళ ఈ వేదికకు కట్టిన పూలకంటే పెద్దగా ఎక్కువ కాదు. ప్రిన్సిపాల్ గారు నవ్వుతున్నారు కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క. ఒక కాపీ లైబ్రరీలో ఉంచండి, ఇంకొకటి ఊరు దాటి మరో చోట పెట్టండి, మూడోది బృందానికి ఇవ్వండి. పిల్లలూ, ఎవరి దగ్గర ఏ ఫైలు ఉందో ఒక కాగితం మీద రాసి సోమవారం ఆఫీసులో ఇవ్వండి. ఆ పగిలిన ఫోనమ్మాయి మాత్రం సోమవారం దాకా ఆగొద్దు. నమస్కారం.